తమ్ముడి కొలతలు

ఆ వీధిలో ఆవిడను అందరూ టేపు మామ్మ అంటారు. ఎనభై ఏడేళ్లొచ్చినా మెడలోంచి కొలతల టేపు తియ్యదు. ఎదురొచ్చిన మనిషి ముఖం కంటే ముందు భుజాలు చూస్తుంది. ఎడమది అరంగుళం కిందికి జారిందని మొహం మీదే చెప్పేస్తుంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువని లోకం అంటుంది కానీ, ఉన్నమాట అనకపోతే మామ్మకు ముద్ద దిగదు.

అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం ఏళ్ల తరబడి నోరు కుట్టేసుకుంది. ఆవిడ తమ్ముడు పాత యుద్ధంలో బాంబర్ విమానం తోకలో, తుపాకీ దగ్గర కూర్చునేవాడు. ఇరవై రెండేళ్లకే విమానంతో సహా సముద్రంలో కూలిపోయాడు. ఏటా ఆ రోజున వీధి చివరి బడిలో హెడ్మాస్టరు ఉపన్యాసం ఇస్తాడు. మొదటి ఏడు తమ్ముడు కూల్చిన శత్రు విమానం ఒకటి. మూడో ఏటికి అవి నాలుగయ్యాయి. పోయిన ఏడు తొమ్మిది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు కదా, ఈ లెక్కన తమ్ముడి కళ్లు చాటంతయ్యాయి. మామ్మ ముందు వరస కుర్చీలో కూర్చుని, పోనీలే, మాటలు గాలికి పోయేవేగా అని సర్దుకునేది.

ఈ ఏడు అలా సర్దుకోవడానికి లేకుండా పోయింది. బడి గోడకు రాయి పెడతామని, దాని మీద తమ్ముడి గురించి నాలుగు మాటలు చెక్కిస్తామని హెడ్మాస్టరు కాగితం పట్టుకుని మామ్మ కుట్టు దుకాణానికి వచ్చాడు. చెక్కేవాడు రేపు పొద్దున్నే పని మొదలుపెడతాడట. మామ్మ కళ్లజోడు తగిలించుకుని చదివింది. "పుట్టుకతోనే భయమెరుగని సింహం. మేఘాలను చీల్చుకుంటూ, నవ్వుతూ, తొమ్మిది విమానాలను నేలకూల్చిన గండరగండడు."

తమ్ముణ్ణి కళ్లారా చూసినవాళ్లలో ఇక మిగిలింది తనొక్కతే. తను పోయాక రాయి చెప్పిందే నిజం. అప్పుడు ఎవరో సింహం గోడ మీద ఉంటాడు, తన తమ్ముడు మాత్రం ఎక్కడా ఉండడు.

కాగితాన్ని బల్ల మీద పరిచి, నీలం సుద్ద తీసుకుంది. సరిగ్గా అతకని చొక్కాకు గుర్తులు పెట్టినట్టే మాటల మీద గీతలు పెట్టసాగింది.

"ఇక్కడ కత్తిరించాలి. ఇది మరీ లూజు. ఈ గండరగండడు ఇంకెవరికో కుట్టింది, మావాడికి పట్టదు. తొమ్మిది కొట్టెయ్యండి. ఎన్ని కూల్చావురా అని నేనడిగితే, 'కళ్లు మూసుకుని పేల్చానక్కా, ఎవరికి తగిలిందో చూళ్లేదు' అన్నాడు."

"అయ్యో మామ్మగారూ, రాతి మీద మాటండీ! కాస్త గంభీరంగా ఉండొద్దూ?"

"అటక మీద దారపు ఉండలు దించరా అంటే, నిచ్చెన రెండో మెట్టు మీదే 'అక్కా, పట్టుకో' అని అరిచేవాడు మాస్టారూ. పట్టుకుంటే 'గట్టిగా పట్టుకో' అనేవాడు. ఇలా కాదని నేనే ఎక్కేదాన్ని. అప్పుడూ వీడి కాళ్లే వణికేవి, కింద నిలబడి!"

హెడ్మాస్టరు నవ్వాపుకోవడానికి దగ్గాడు. "మరి విమానం ఎలా ఎక్కాడండీ?"

"దర్జీలు కావాలని గోడకి కాగితం అంటించారు. పారాచూట్లు కుట్టే పని, నేల మీద మిషను ముందు కూర్చుంటే చాలని మురిసిపోతూ వెళ్లాడు. అక్కడ కళ్లు పరీక్ష చేశారట. మసక వెలుతుర్లో ఒక్క పోటుకి సూదిలోకి దారం ఎక్కించేవాడి కళ్లెలా ఉంటాయి? డేగ కళ్లన్నారు, తీసుకెళ్లి తుపాకీ వెనక కూర్చోబెట్టారు. మొదటిసారి ఎగిరినప్పుడు టోపీలోనే కక్కుకున్నాడు. 'టోపీ ఉతికితే ముడుచుకుపోయిందక్కా, అరంగుళం వదులు చెయ్యడమెలా' అని నాకు ఉత్తరం రాశాడు."

"ఇవన్నీ చెక్కిస్తే పిల్లలకి ఆదర్శం ఏముంటుంది?"

మామ్మకు ఒళ్లు మండింది. అంతవరకూ ఉన్న 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

"నీ మొదటి లాగు కుట్టింది నేను. తొడిగి చూడమంటే తడిపి ఇచ్చినవాడివి, నువ్వా నాకు ఆదర్శాలు చెప్పేది?"

పక్కన కాజాలు కుడుతున్న కోడలు తల వంచుకుని పళ్లబిగువున నవ్వాపుకుంది. హెడ్మాస్టరు చెవులు ఎర్రబడ్డాయి, అయినా పంతం వదల్లేదు.

"సరే మామ్మగారూ, అంత భయస్తుడు ఒంట్లో బాగోలేదని తప్పుకోవచ్చుగా? ఎందుకు ఎక్కాడు మరి?"

సుద్ద పట్టుకున్న మామ్మ చెయ్యి ఆగింది.

"సెలవు మీద వచ్చినప్పుడు నేనూ అదే అడిగాను. అప్పటికి పంతొమ్మిదిసార్లు ఎక్కి దిగాడు. గ్లాసు నోటిదాకా వెళ్లేలోపు సగం నీళ్లు ఒలికిపోయేవి, చేతులు అలా వణికేవి. 'ఇక ఎక్కనని చెప్పెయ్‌రా, నేనొచ్చి వాళ్ల కాళ్లు పట్టుకుంటాను' అన్నాను. 'నేను దిగిపోతే ఆ సీటు ఖాళీగా ఉంచరక్కా. ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. వాడికీ ఇంట్లో ఓ అక్క ఉంటుంది' అన్నాడు. పొద్దున్నే వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంకో ఐదుసార్లు ఎక్కాడు. ఐదోసారి దిగలేదు."

మామ్మ ఏడ్చింది. కోడలి ముందు, హెడ్మాస్టరు ముందు, దాచుకోకుండా ఏడ్చింది. హెడ్మాస్టరు కాగితం తిరగేసి, జేబులోంచి పెన్ను తీసి, "మీరు చెప్పండి మామ్మగారూ, నేను రాసుకుంటాను" అన్నాడు.

వారం తిరక్కుండా గోడకు రాయి వచ్చింది. పేరు కింద మూడే ముక్కలు: "దర్జీ. ఎత్తంటే భయం. ఇరవై నాలుగుసార్లు ఎక్కాడు."

రెండో ముక్క దగ్గర పిల్లలు కిసుక్కున నవ్వారు. మూడోది చదివాక మళ్లీ మొదటినుంచి చదువుకున్నారు. మామ్మ రాయికి దగ్గరగా జరిగి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి మొత్తం పైకి చదివింది.

"ఇదిగో, వీడే మావాడు" అంది.