సలోమి మేడమ్ చూసిన గేటు

మార్చి నెలలో ఆర్మూర్ మార్కెట్ యార్డు దగ్గర బస్సు నెమ్మదించగానే పసుపు దుమ్ము కిటికీలోంచి వచ్చి గొంతుకు పట్టుకుంటుంది. కొత్తవాళ్లు దగ్గుతారు. నాకు మాత్రం ఆ ఘాటు తగిలితే జూనియర్ కాలేజీ మైదానం గుర్తుకొస్తుంది. తెల్లవారకముందే మేం పరుగెత్తుతుంటే వెనకే విజిల్ ఊదుతూ వచ్చే సలోమి మేడమ్ గుర్తుకొస్తారు.

ఆమె మాకు ఆటలు నేర్పే పీడీ. వాళ్లమ్మ పసుపు చేలల్లో కూలికి పోయేది. మేడమ్ కూడా ఆ కూలి పని చేస్తూనే చదువుకున్నారు. మా నాన్న యార్డులో పసుపు తూకం వేసేవాడు. నన్ను ఇంజనీరును చేయాలని ఆయన పట్టుదల. ఇంటర్ రెండో ఏడు రాగానే ఖోఖో కట్టిపెట్టి పుస్తకం పట్టమన్నాడు. మిగతా సార్లదీ అదే మాట. ఊరందరిదీ ఒక దారైతే మేడమ్‌ది ఒక దారి. పై చదువులకు వెళ్లేవాళ్లను ఏటా మైదానానికి పిలిచి ఒకటే చెప్పేవారు: "గాడ పొద్దంత కూసునుడే ఉంటది. కాళ్లు మొద్దువారితే తల్కాయ గుడ మొద్దువారుతది. రోజు అయిదింటికి లేసి ఉరుకుండ్రి. మర్శిపోకుండ్రి." మేం తలలూపాం. తలూపడానికేం, గంగిరెద్దు కూడా ఊపుతుంది.

రెండువేల నాలుగులో హైదరాబాద్‌లో సీటు వచ్చి, ఓ ప్రైవేటు హాస్టల్లో చేరాను. రెండు నెలలు గడిచేసరికి గది, బస్సు, తరగతి, మళ్లీ గది తప్ప నాకు వేరే లోకం లేకుండా పోయింది. మెట్లెక్కితే ఆయాసం. పడుకుంటే నిద్ర రాదు, పుస్తకం తెరిస్తే మాత్రం ఆగకుండా వస్తుంది. లెక్కల్లో రెండుసార్లు తప్పాను. ఈ చదువు నా వల్ల కాదు, మానేసి ఇంటికి పోతానని నిశ్చయించుకున్నాను. నాన్నకు ఎలా చెప్పాలో తెలియక రోజులు నెట్టుకొచ్చాను. ఆదివారాల్లో మేడమ్‌కు కాయిన్ బాక్స్ నుంచి ఫోన్ చేసినప్పుడు మాత్రం, "రోజూ ఉరుకుతున్న మేడమ్" అని నోరారా అబద్ధం చెప్పేదాన్ని.

క్రిస్మస్‌కు ఇంటికొచ్చినప్పుడు మేడమ్ ఇంటికి వెళ్లాను. కేకు పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, "రేపు పొద్దుగాల సిద్దులగుట్ట ఎక్కుదాం దా" అన్నారు. మర్నాడు సగం మెట్లకే నా గుండె దడదడలాడింది. కూలబడ్డాను. "కాలు నొస్తుందా?" అని మాత్రమే అడిగారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నిజంగనే రోజు ఉరుకుతున్న మేడమ్" అన్నాను. ఆమె వచ్చి నా పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. ఇక ఆగలేక ఏడ్చేశాను. చదువు మానేస్తానన్నదీ చెప్పేశాను.

"అయిదింటికి లేస్తలేవా?" అన్నారు.

"లేసి ఏం జెయ్యాలె మేడమ్? గేటు ఏడింటికి తీస్తరు. ఏడున్నరకు కాలేజి బస్సు."

"నేనెన్నడన్న హాస్టల్ల ఉన్ననా? గేటు జూడకుంట ఉరుకుండ్రి, ఉరుకుండ్రి అన్న. తప్పు నాదే బిడ్డా. నాకు నెల రోజులియ్యి. గప్పటికి గుడ గిట్లనే ఉంటె, మీ నాయినకు నేనే జెప్త" అన్నారు మేడమ్. తిట్టించుకోవడానికి సిద్ధపడి ఉన్న నాకు, ఒక పెద్దమనిషి నా ముందు తన తప్పు ఒప్పుకోవడం చూడటం అదే మొదటిసారి.

తర్వాతి ఆదివారమే ఆమె మా హాస్టల్ గేటు ముందు దిగారు. అయిదింటికే గేటు తీయమంటే కుదరదని, తల్లిదండ్రులకు తానే జవాబుదారీ అని వార్డెన్ అన్నారు. "గేటు ఏసే ఉంచుండ్రి. మిద్దె తాళం ఇయ్యుండ్రి" అన్నారు మేడమ్. ఎవరైనా పడితే ఎలా అంటే, పైకెక్కి పిట్టగోడ పక్కన నిలబడి చూపించారు. అది ఆమె భుజాల దాకా వచ్చింది. వార్డెన్ కాసేపు గొణిగి తాళం ఇచ్చారు.

దిగి వచ్చాక నా గదిలో ఉండే నీరజను పిలిచారు. నీరజదీ మా జిల్లానే, ఇందల్వాయి. లెక్కల్లో దిట్ట, పరుగంటే ఆమడ దూరం. పసుపు తవ్వే రోజుల్లో మా వైపు ఆడవాళ్లు బదులు పని చేసుకుంటారు. నేడు నేను నీ చేనుకొస్తే, రేపు నువ్వు నా చేనుకు రావాలి. ఒళ్లు బాగాలేకున్నా ఆ మాట తప్పరు. "మీరు గుడ గట్లనే బదులు వెట్టుకోండ్రి. పొద్దుగాల నువ్వు దీనెంబడి మిద్దె మీద ఉరుకు. మాపటికి ఇది నీ దగ్గర లెక్కలకు కూసుంటది" అన్నారు. నీరజ దిక్కులు చూసింది. "ఉరకకుంటె కుదరదా మేడమ్?" అంది. "చేనుకు రాకుంటె కుదురుతదా?" అన్నారు మేడమ్.

మొదటి వారం నీరజ నన్ను శపిస్తూ పరుగెత్తింది, నేను ఆమెను శపిస్తూ లెక్కలు చేశాను. ఒకరోజు చలికి నేను దుప్పటి తీయనంటే, ఆ నీరజే నా కాళ్లు పట్టి లాగింది: "లెవ్వు. నిన్న నా బదులు తీస్కున్నవ్ గద!" నెల తిరిగేసరికి నిద్ర పట్టసాగింది. తర్వాతి పరీక్షలో లెక్కలు గట్టెక్కాయి. మానేస్తానన్న మాట నాన్నదాకా పోనేలేదు.

ఆ ఏడాది నుంచి మేడమ్, బయటికి వెళ్లే పిల్లలకు చెప్పడం తగ్గించి అడగడం మొదలుపెట్టారట. గేటు ఎప్పుడు తీస్తారు, మిద్దె ఉందా, తోడెవరు అని. తనకు తెలియని చోటు గురించి తెలియదనడానికి ఆమె ఎన్నడూ నామోషీ పడలేదు. నాకు ఆమెలో అన్నిటికన్నా నచ్చింది అదే.

పోయిన నెల మా అన్న కూతురు వరంగల్ హాస్టల్ నుంచి ఫోన్ చేసి, ఒళ్లు బరువెక్కింది, దేని మీదా మనసు నిలవడం లేదంది. "మా రోజుల్లో అయితేనా..." అని మొదలుపెట్టబోయి నాలుక కరుచుకున్నాను. "అడ్రస్ చెప్పు" అన్నాను. ఆదివారం పొద్దున్నే వరంగల్ బస్సెక్కాను.