చిట్టెమ్మకు తెచ్చిన బత్తాయిలు

జబ్బు పిల్లి ఉన్న మనిషి పరువు ఎంత వేగంగా పోతుందో మీకు తెలియకపోతే వినండి. నాది ఒక్క ఆదివారం సాయంత్రం, మాచర్లలో, మా చర్చి స్త్రీల సమాజం సమక్షంలో పూర్తిగా పోయింది.

చిట్టెమ్మ నా భార్య పెంచిన పిల్లి. ఆమె పోయాక గురజాలలో ఆ ఇంట్లో ఉండలేక, దాన్ని బుట్టలో పెట్టుకుని మాచర్ల వచ్చేశాను. మొదట్లో మేమిద్దరం ఒకే బస్సు కోసం ఎదురుచూసే ప్రయాణికుల్లా ఉండేవాళ్ళం. తర్వాత అది నా పక్కలోకి చేరింది. మరుసటి ఏడు తిండి మానేసింది. పశువుల ఆసుపత్రిలో గేదెల వెనక నిలబడి చూపిస్తే, డాక్టరు కిడ్నీలు చెడిపోయాయన్నాడు. తోలు కింద సెలైన్ ఎక్కించడం నేర్పాడు. సూది గుచ్చేటప్పుడు అది కదిలేది కాదు. అబ్బా అనేది నేనే.

ఎవరికి చెప్పుకోవాలి? మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారికి ఫోన్ చేశాను.

"అయ్యగారూ, మా చిట్టెమ్మకు ఒంట్లో బాగాలేదు. కిడ్నీలంట. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి."

"అయ్యో. వయసెంతండీ?"

"పదమూడేళ్ళు."

"చిన్నపిల్లే పాపం," అన్నారాయన. పిల్లి అని చెప్పడానికి అదే అదను. జీవితమంతా పాఠాలు చెప్పిన నోరు అప్పుడు పెగల్లేదు. చెబితే నవ్వుతారని భయం. నవ్వి, ప్రార్థన మానేస్తారని ఇంకా భయం.

ఆదివారం ఆయన నా మనవిని చర్చి అంతటికీ వినిపించారు. సాయంత్రానికి స్త్రీల సమాజం బత్తాయిలతో, రొట్టెలతో మా వరండాలో ఉంది. ముందు కుర్చీలో అందరికంటే పెద్దావిడ, మార్తమ్మత్త.

"పిల్ల ఏది మాస్టారూ?"

"లోపల పడుకుంది."

"అన్నం తింటందా?"

"లేదత్తా. ఎండు రొయ్యలు నలిపి మూతికి రాస్తే కాస్త నాకుతుంది."

సమాజం మొత్తం నా వైపు తిరిగింది.

"జబ్బు పిల్లకి ఎండు రొయ్యలేంది? మూతికి రాయడమేంది?" అంది మార్తమ్మత్త.

"ఇంతకీ నీకేమవుద్ది? మనవరాలా?" వెనక నుంచి ఇంకొకావిడ.

"కాదు. మా ఆవిడ తెచ్చుకుంది."

"ఎక్కణ్ణుంచి?"

"కూరగాయల మార్కెట్ నుంచి."

నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదని గమనించగలరు. నిజాలే చెబుతూ అంత లోతుకు మునిగినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మార్తమ్మత్త ఇక నన్నేమీ అడక్కుండా లేచి తలుపు తోసింది. మంచం మీద పాత నేత చీర, దాని మీద చిట్టెమ్మ. వెనకున్నవాళ్ళు మెడలు సాచి చూశారు. నేను గచ్చు వైపు చూస్తూ నిలబడ్డాను. ఎవరో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు.

మార్తమ్మత్త నవ్వలేదు.

"చీర ఎవరిది?"

"మా ఆవిడది."

"ఉతికినట్టు లేదే."

"లేదత్తా. వాసన పోతుందని."

ఆమె మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మంచం మీద కూర్చుంది. "పిల్లి అని చెబితే రామనుకున్నావా? చానా తెలివిగలోడివి. బత్తాయిలు మానేసి చేపలు తెచ్చేవాళ్ళం గదయ్యా."

తర్వాత చిట్టెమ్మ తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. "దేవా, ఈ చిట్టెమ్మని నీ చేతుల్లో పెడతన్నాం. ఈ మాస్టార్ని గూడా."

నవ్వినావిడే అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

మళ్ళీ ఆదివారం రాకముందే చిట్టెమ్మ పోయింది. బత్తాయిలు నేనే తిన్నాను. తీయగానే ఉన్నాయి.

అనుభవం మీద ఒక ప్రమాణం చేసుకున్నాను. ఇకమీదట మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, ప్రార్థన అడిగే ముందు రోగికి కాళ్ళెన్నో స్పష్టంగా చెబుతాను. ఇప్పుడు ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే.

కాళ్ళు రెండు.