మామయ్య గుండె పక్కన నీడ

ఆ రోజుల్లో, అంటే హౌస్ సర్జన్సీ కొత్తగా పూర్తయి, స్టెతస్కోపు మెడలోంచి తీయడానికి మనసొప్పని రోజుల్లో, మా బంధువర్గానికంతటికీ నేనే పెద్ద డాక్టర్ని. (జ్వరానికి మందు రాయాలన్నా చాటుగా పుస్తకం తిరగేసేవాణ్ణనుకోండి, అది వేరే సంగతి.) అలాంటి సమయంలో భవానీపురంలో ఉండే మా మామయ్యకు దగ్గు తగ్గక ఎక్స్‌రే తీయిస్తే, గుండె పక్కన నిమ్మకాయంత నీడ కనిపించింది. ఎప్పుడో మద్రాసులో బైపాస్ చేయించుకుని, ఆ తర్వాత హాయిగా లెక్కల పాఠాలు చెప్పుకుంటున్న మనిషి. నీడ అనగానే ఇంటిల్లిపాదీ క్యాన్సరని తేల్చేశారు. ఇంటి డాక్టర్నై ఉండి నేనూ కాదనలేకపోయాను. "మీ మామయ్యకి మాత్రం చెప్పమాకు నాయనా," అని అత్తయ్య నా చేతులు పట్టుకుంది. కఫం పేరుకుందని ఆయన్ని నమ్మించే బాధ్యత నా మీద పడింది.

నేను పనిచేసే ఆస్పత్రిలోనే స్కాన్ తీశారు. మా సీనియర్ డాక్టరుగారు ఫిల్ముని వెలుగుకి పెట్టి చాలాసేపు చూసి, "ఇది గడ్డ కాదోయ్. బైపాస్‌లో కాలి నుంచి తీసి గుండెకి కుట్టిన రక్తనాళం బలహీనపడి బుడగలా ఉబ్బింది," అన్నారు. ఆపైన ఆయన చెప్పింది నేను వింటేగా! వరండాలోకి పరిగెత్తి, "మామయ్యా! క్యాన్సర్ కాదు! రక్తనాళం ఉబ్బిందంతే! మహా అయితే పగిలిపోతుంది!" అని అరిచాను.

అత్తయ్య పైకి చూసి దణ్ణం పెట్టింది. మామయ్య కళ్ళజోడు తీసి నెమ్మదిగా అడిగాడు.

"క్యాన్సరని ఎవరన్నార్రా?"

అత్తయ్య దణ్ణం పెట్టిన చేతుల్తోనే నన్ను చూపించింది.

"సరే, పగిలితే ఏమవుద్ది?"

అప్పటికి గానీ నేనేమన్నానో నాకు అర్థం కాలేదు.

వెనకే వచ్చిన సీనియర్‌గారు, "త్వరగా ఆపరేషన్ చెయ్యాలండీ. ఈలోగా బరువులెత్తకండి, ఆవేశపడకండి," అన్నారు. ఆవేశంలోకి నవ్వు కూడా వస్తుందని అత్తయ్య సొంతంగా నిర్ణయించింది. "ఆయన్నెవరూ నవ్వించమాకండి!" అని చల్లపల్లి నుంచి చూడవచ్చిన చుట్టాలందరికీ గుమ్మంలోనే ఆజ్ఞ. వాళ్ళంతా మొహాలు వేలాడేసుకుని మంచం చుట్టూ కూర్చుంటే, మామయ్య దుప్పట్లో తలదూర్చి ఊగిపోయేవాడు. "మీరిట్టా కూర్చుంటే నవ్వాపుకోలేకే పోయేట్టున్నానే!"

ఆపరేషన్ రోజున మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. థియేటర్ తలుపు వైపు చూస్తూ, తెల్లకోటు వేసుకుని కూడా అత్తయ్య కొంగు పట్టుకుని నిలబడ్డాను. సర్జన్‌గారు బయటికొచ్చి, ఉబ్బిన నాళం తీసేసి కొత్తది కుట్టామని చెప్పేదాకా ఆ కొంగు వదల్లేదు.

వార్డుకి మార్చాక మామయ్య నన్ను దగ్గరికి పిలిచి, గొంతు పెగలక గుసగుసగా అన్నాడు: "ఈసారి రెండో కాల్లోంచి తీశార్రా. మూడోది లేదు. ఇంకేదన్నా శుభవార్త ఉంటే మెల్లిగా చెప్పు."

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. మంచి కబురైనా సరే, రోగి బంధువులకి కుర్చీ చూపించి, గొంతు సవరించుకుని, ఆచితూచి చెబుతాను. కానీ అందరం భయపడ్డ గడ్డ ఫిల్ములో కనపడని రోజున, నాలోని ఆ తెల్లకోటు కుర్రాడు నాకంటే ముందే వరండాలోకి పరుగు తీస్తుంటాడు. వాణ్ణి ఆపబుద్ధి కాదు.