గుమ్మిలకెళ్లి గూట్లకు

నేను కాపురానికొచ్చిన రెండో యేడు, దసరా ఎల్లినంక, మా ఇంట్లకు ఇరవై ఐదు తెల్ల కోడిపిల్లలు వచ్చినయి. మాది గోదావరి ఒడ్డు ఊరు, ఆదిలాబాద్ జిల్లా దిక్కు. మంచిర్యాలకు నడిచిపోతే ఒక పూట పడుతుండె. మా ఇంటాయన బొగ్గుబాయిల పనికి కుదిరిండు. వారానికొక్కనాడు సెలవుకు వచ్చి తెల్లారి పోతుండె. కడమ దినాలన్ని ఇంట్ల నేను, మా అత్తమ్మ, ఇద్దరమే. ఇద్దరి నడుమ మాట తక్కువ. ఆమె చెప్పేది, నేను చేసేది. గంతే.

అప్పుడప్పుడే పంచాయతీ సమితులు వచ్చినయి. గ్రామసేవిక అని ఒకామె ఊరూరు తిరిగి ఆడోళ్లకు పొగరాని పొయ్యిల సంగతి, కూరగాయల మళ్ల సంగతి చెప్తుండె. ఒకనాడు మా వాడల ఆడోళ్లనందర్ని కూసుండవెట్టి, "సీమజాతి కోడిపిల్లలిస్తం, ఎవరు సాదుకుంటరు?" అని అడిగింది. ఎవ్వరు నోరు తెరువలే. నేను చెయ్యి లేపిన. ఎందుకు లేపిన్నో ఇప్పటికీ నాకు తెల్వది. ఆ ఊరికొచ్చినంక ఒకరు చెప్పకుంట నేను చేసిన మొదటి పని అది.

అత్తమ్మ ఇంటికొచ్చేదాక ఏమనలే. వాకిట్ల కాళ్లు కడుక్కుంట అన్నది, "ఇంట్ల నాటుకోడి లేదా? నాకు ఒక్క మాట చెప్తే నోరు అరుగుతదా?"

పిల్లలు మంచిర్యాల టేషన్ల రైలు దిగి, అక్కడికెళ్లి ఎడ్లబండి మీద వచ్చినయి. బొక్కలు వెట్టిన అట్టపెట్టెల ఒక్కతీరుగ కీసు కీసుమంటున్నయి. సేవికమ్మ పెట్టె మూత తీస్తే ఒక్కొక్కటి పత్తికాయ పగిలినట్టు ఉన్నది. పుట్టి రెండు రోజులేనట. మిషన్ల పొదిగిన్రట. వాటికి ఒళ్లు కాపడానికి కోడి లేదు గనుక, ఆరు వారాలు మనమే వెచ్చదనం ఇయ్యాలన్నది.

గింజలు పోసుకునే పాత వెదురు గుమ్మి ఒకటి మూలకు పడి ఉండె. మీది సగం ఎలుకలు కొరికేసినయి. కింది సగం కోసి, లోపల ఊక పరిచి, నడుమ దూలానికెళ్లి గ్యాస్‌నూనె కందీలు దీపం వేలాడగట్టినం. సేవికమ్మ నాకు ఒక్కటే గుర్తు చెప్పింది. "పిల్లలు కందీలు కిందికి కుప్పవడితే చలివెడుతున్నట్టు. దూరం జరిగి నోర్లు తెరిస్తే ఉడుకైతున్నట్టు. అంతట సమంగ తిరిగితే నువ్వు నిమ్మళంగ ఉండు."

ఆమె పోయినంక అత్తమ్మ గుమ్మిలకు తొంగిచూసింది. "తల్లి లేని పిల్లలు ఎన్నడన్న బతికి బట్టగడుతయా?" అన్నది.

నాకు నాలుగేండ్లప్పుడు నన్ను కన్న అవ్వ పోయింది. మేనత్త ఇంట్ల పెరిగిన. అది అత్తమ్మకు తెలుసు. ఆమె నన్ను అనలేదనీ నాకు తెలుసు. అయినా ఆ మాట గుచ్చుకున్నది. చేదబాయి కాడికి పోయి, ఖాళీ చేయాల్సిన పని లేకున్నా బిందె ఖాళీ చేసి మళ్ల నింపుకొచ్చిన. ఆ దినం సంది పదిరోజులు అవసరమున్న మాట తప్ప ఇంకో మాట ఆమెతోని మాట్లాడలే. ఆమె కూడ అడుగలే.

పిల్లలతోని మాత్రం మాట్లాడేదాన్ని. మొదటి వారం రెండు సచ్చిపోయినయి. ఒకటి నీళ్ల గిన్నెల పడి తడిసింది, ఇంకోటి ఎందుకో తెల్వది. గిన్నెల గులకరాళ్లు వేసిన, ఇగ పడలే. నూకలు, మక్కపిండి, తవుడు కలిపి వేసేది. రోజుకింత కందీలు మీదికి జరిపేది. మూడో వారంల రెక్కల కొసలకు తెల్ల ఈకలు మొలిచినయి. అయిదో వారానికి అవి గుమ్మి అంచు మీదికి ఎగిరి కూసుంటున్నయి, కిందికి దునికి ఇల్లంత తిరుగుతున్నయి, ఒకదాని తోక ఒకటి పొడుచుకుంటున్నయి. వాసన సంగతి చెప్పద్దు.

సేవికమ్మ వచ్చి చూసి, "ఇగ బయట గూట్లకు మార్చాలె. జాగ సాలక పొడుసుకుంటున్నయి," అన్నది.

"కార్తీకం చలిల బయటనా?" అన్నది అత్తమ్మ.

"ఈకలొచ్చినయి కదా పెద్దమ్మా, తట్టుకుంటయి," అన్నది ఆమె.

ఆ వారం సెలవుకు మా ఇంటాయన ఇనుప జాలి, తలుపు బందులు కొనుక్కొచ్చిండు. పెరట్ల నాలుగు టేకు గుంజలు పాతి, ముంగిసలు రాకుంట మోకాలెత్తున పలకలు పరిచిండు. మూడు దిక్కుల వెదురు తడకలు కట్టి ఉత్తరం దిక్కు మట్టి మెత్తినం. ముంగటికి జాలి తలుపు. ఎక్కడానికి ఒక పలక వాలుగ వేసి, కాళ్లు జారకుంట దాని మీద పుల్లలు అడ్డం కొట్టిండు. అంతా అయినంక దూరం నిలవడి చూసి, "మనింటికన్న ఇదే మంచిగున్నది," అని నవ్విండు. తెల్లారి బొగ్గుబాయి పనికి పోయిండు.

రెండొద్దులకు ఎండ మంచిగ కాసిన నాడు, పొద్దు నెత్తి మీదికొచ్చినంక, పిల్లలను గంపల వేసి మీద గుడ్డ కప్పి రెండు మార్లు మోసిన. గుడ్డ తీసిన. సంతోషంతోని ఉరుకుతయనుకున్న. ఒక్కటి కదలలే. పుట్టినకాడికెళ్లి అవి చూసింది కందీలు, ఇంటి కప్పు. ఆకాశం చూసి కాళ్లు మడుచుకుని నేలకు కర్సుకున్నయి. గాలికి ఒక మోదుగాకు కొట్టుకొస్తే అన్ని కలిసి గూడు కిందికి సొచ్చినయి. వేసిన నూకలు వేసినట్టే ఉన్నయి. మా నాటుకోడి వచ్చి కడుపునిండ తిని, పోతా పోతా ఒకదాన్ని నెత్తి మీద పొడిచి పోయింది.

పొద్దు గుంకుతుంటే గూట్లకు పోతయేమోనని చూసిన. అన్ని కలిసి మా ఇంటి ఎనుక తలుపు కాడికి ఉరికొచ్చి, గడప కాడ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒక్కటే అరుసుడు. ఒక్కొక్కదాన్ని వట్టి గూట్లకు తోసి తలుపు వేసేసరికి నా చేతులన్ని గీసుకపోయినయి. అత్తమ్మ అరుగు మీద కూసుండి చూస్తనే ఉన్నది. లేవలే, వద్దనలే.

తెల్లారి గూడు తెరిస్తే పిల్లలన్ని ఒక మూలకు కుప్పవడి ఉన్నయి. అన్నిటికన్న కింద ఒకటి నలిగి సచ్చిపోయింది. దాన్ని చేతుల వట్టుకుని అక్కడ్నే కూసున్న. ఏడుపు ఆగలే. చలికి సావలే అది, తోటి పిల్లలే భయానికి తొక్కినయి. గంప తెచ్చి ఒక్కొక్కదాన్ని మళ్ల గంపల వేసుడు మొదలువెట్టిన.

ఎనుకకెళ్లి అత్తమ్మ వచ్చి గంప పట్టుకున్నది.

"ఏం చేస్తున్నవ్?"

"లోపటికి తీస్కపోత అత్తమ్మా. ఇవి బయట బతుకయి."

"ఇయ్యాల లోపటికి తీస్కపోతే ఇగ ఎన్నడు బయటికి రావు," అన్నది ఆమె. నా చేతులకెళ్లి సచ్చిపోయిన పిల్లను తీసుకుని పక్కకు వెట్టి, నా ముంగట గొంతుక కూసున్నది. "నువ్వచ్చిన కొత్తల యాదికున్నదా? నెలదాక దర్వాజ దాటలే నువ్వు. ఎవలన్న పలుకరిస్తే తలుపు ఎనుకకు పోయేదానివి. నీకు అన్నం నేనే తెచ్చి వెడితి. మా వాళ్లంత గీ పిల్ల ఏం సంసారం చేస్తదన్నరు. నేను నిన్ను మీ మేనత్త ఇంటికి తోలిన్నా?"

నేను కొంగుతోని కండ్లు తుడుసుకున్న.

"ఆనాడు గుమ్మి కాడ నోరు జారిన," అన్నది నా మొఖం చూడకుంట. "అన్నంక తెలిసింది. ఎట్ల తిరిగి తీసుకోవాల్నో తెల్వలే. జర పెద్దదాన్ని కదా, నువ్వన్న అడిగితే బాగుండు అనుకున్న. నువ్వు అడుగవైతివి."

"నాకు ధైర్యం రాలే అత్తమ్మా," అన్న.

"అది సరే, లే ఇగ. మొఖం కడుక్కో." గంపల పిల్లలను మళ్ల కింద వదిలి, వంగి గూట్ల తల వెట్టి చూసింది. చాలాసేపు అట్లనే ఉన్నది. బయటికి తల తీసి, "మూలలున్నయి గనుకనే కుప్పవడుతున్నయి. గుమ్మికి మూలల్లేవు, గుండ్రగుండె," అన్నది.

ఆ మాట నాకు తట్టలే, సేవికమ్మ చెప్పలే. ఇద్దరం కలిసి వరిగడ్డి మోపులు కట్టి నాలుగు మూలలల్ల గట్టిగ కూరినం. లోపల గూడు గుండ్రంగ అయింది. ఆమెనే ఇంకో ఉపాయం చెప్పింది. పొద్దు గుంకకముందే కందీలు ముట్టిచ్చి, కప్పుకు ఇనుప తీగతోని కట్టి, గూట్లనే వేలాడవెట్టినం. ఇంటి ఎనుక తలుపు మూసి లోపల దీపం లేకుంట చేసినం. అరుగు మీద ఇద్దరం పక్కపక్కన కూసున్నం.

చీకటి పడుతుంటే పిల్లలు గడప కాడికొచ్చినయి. తలుపు మూసున్నది, ఎలుతురు లేదు. అటు ఇటు తిరిగినయి. ఒకటి మెడ సాపి గూడు దిక్కు చూసింది. పలక మీద ఒక కాలు వెట్టింది, తీసింది, మళ్ల వెట్టింది.

"పో, పో," అన్నది అత్తమ్మ మెల్లగ.

అది ఎక్కింది. దాని ఎనుక ఇంకోటి. తర్వాత నాలుగైదు కలిసి ఒకదాన్నొకటి తోసుకుంట. కొన్ని పలక మీదికెళ్లి కిందవడి మళ్ల ఎక్కినయి. చివరికి ఒక్కటి మాత్రం కింద మిగిలితే అత్తమ్మనే పోయి దాన్ని కొంగుల వేసుకుని లోపల వెట్టింది. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆమె చేతికి గడ్డి వాసన, గ్యాస్‌నూనె వాసన.

తెల్లారి ఇరవై రెండు మంచిగున్నయి. రోజుకింత వత్తి తగ్గించినం. ఏడోనాడు కందీలు వెట్టలే. పొద్దు గుంకంగనే వాటంతటవే పలకెక్కి పోయినయి. పగలు పెంటకుప్ప మీద కెలుకుడు, ఎండల రెక్క సాపుకుని పండుకునుడు నేర్చినయి. గద్ద నీడ పడితే మా నాటుకోడి కూసే కూతకు అవి గూడ దాక్కునుడు నేర్చినయి. ఆ కోడి వాటిని పొడుసుడు మాత్రం మానలే.

సేవికమ్మ వచ్చి మూలల గడ్డి చూసి ఆగిపోయింది. "ఎవరు చెప్పిన్రు ఇట్ల చేయుమని?"

"ఎవలు చెప్తరు? సూస్తే తెలుస్తలేదా?" అన్నది అత్తమ్మ. అన్నదిగాని ఆ పొద్దంత మొఖం ఎలిగిపోయింది. సేవికమ్మ ఆమెను పక్క ఊరికి వచ్చి అక్కడి ఆడోళ్లకు చూపియ్యుమన్నది. ఎన్నడు ఊర్ల మీటింగుకే పోని మనిషి, ఇస్త్రీ లేని కొత్త చీర కట్టుకుని, నన్ను ఎంట రమ్మని పోయింది. ముందు నా దిక్కే చూసుకుంట చెప్పింది. తర్వాత ఎవరో అడ్డం మాట్లాడితే, "నువ్వు ఆగవమ్మా, నన్ను చెప్పనియ్యి," అన్నది.

ఉగాదికి అటు ఇటుగ, ఎండలు ముదురుతున్న ఒక పొద్దుగాల, గూట్ల గడ్డి మీద తెల్లటి గుడ్డు కనవడ్డది. మన గుడ్లు గోధుమ వన్నె ఉంటయి. ఇది సున్నం కొట్టినట్టున్నది. రెండు చేతుల వట్టుకుని ఉరికొచ్చిన. అత్తమ్మ దాన్ని ఎండకు వెట్టి చూసింది, చెవి కాడ ఊపి చూసింది. పక్కింటామె వచ్చి, "ఇది అసలు గుడ్డేనా?" అన్నది.

ఉడకవెట్టి, పొట్టు తీసి, దారంతోని నడిమికి కోసింది అత్తమ్మ. ఒక ముక్క నాకిచ్చింది. పొయ్యి కాడ కూసుండి ఇద్దరం తిన్నం. ఆమె నిమ్మళంగ నమిలి మింగింది.

"మన గుడ్డంత రుచి లేదు," అన్నది. ఏలు మీది సొన నాక్కుంట, "సేవికమ్మ మళ్లెప్పుడొస్తదట? ఈసారి యాభై తెమ్మను," అన్నది.