కారు షెడ్డులో అక్క అడుగులు

పటమటలో మా ఇంటి కింద కారు షెడ్డు ఉంది. కొన్నేళ్ళ కిందట మావారు దాని నేలకు బూడిదరంగు ఎపాక్సీ పూత వేయించారు. కొత్తలో అందులో ముఖం చూసుకునేంత నున్నగా ఉండేది. కారు తిరిగి తిరిగి గీతలు పడ్డాయి. తలుపు దగ్గర ఎండ పడే చోట పసుపు రంగు తేలింది. పైన రంగులేని క్లియర్ కోటు వేస్తే బాగుపడుతుందని పెయింట్ల షాపాయన చెప్పాడు.

"వేసే మనిషిని నేను పంపుతానండీ. ముందు మీరు నేలంతా ఉప్పుకాగితంతో రుద్ది మెరుపు పోగొట్టాలి. మెరుపు మీద కోటు పట్టదు, ఊడొచ్చేస్తుంది," అన్నాడు.

స్కూలుకు వేసవి సెలవులు. పిల్లలకు పాఠాలు చెప్పే పని లేదు కాబట్టి ఆ రుద్దేదేదో నేనే చేస్తానన్నాను.

అప్పుడు మా అక్క మా ఇంట్లో ఉంది. మేం పుట్టి పెరిగింది పామర్రులో. చిన్నప్పుడు అక్క సాయంత్రం బస్సెక్కి కూచిపూడి వెళ్ళి నాట్యం నేర్చుకునేది. పెద్దయ్యాక ఇంటి వసారాలోనే ఊరి పిల్లలకు నేర్పింది. ఆ మధ్య స్కూటర్ మీంచి పడి మోకాలు విరిగింది. ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుంది, ఇక భయం లేదు, మామూలుగా తిరగమని డాక్టరు చెప్పాడు. కానీ అక్క మామూలుగా తిరగలేదు. గోడ పట్టుకుని నడిచేది. క్లాసులు మానేసి గజ్జెలు ఒక శిష్యురాలికి ఇచ్చేసింది. నాలుగు రోజులు మార్పుగా ఉంటుందని నేనే వెళ్ళి తీసుకొచ్చాను. మా బాల్కనీలో కూర్చుని వీధి చూస్తూ ఉండేది. పలకరిస్తే పలికేది, అంతే.

రుద్దే రోజు మావారు పొద్దున్నే ఎప్పటిలాగే మంగళగిరిలో ఉన్న ఆఫీసుకు బస్సులో వెళ్ళిపోయారు. ముందురోజే కారు వీధిలో పెట్టించి, నేల సబ్బునీళ్ళతో కడిగి, ఆయిల్ మరకలు వదిలించి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాను. కృష్ణానది పక్కన ఊరు కదా, అడుగునుంచి చెమ్మ వస్తుందేమోనని ఒక మూల ప్లాస్టిక్ ముక్క టేపుతో అంటించి ఉంచాను. పొద్దున తీసి చూస్తే కింద పొడిగానే ఉంది. పొడుగాటి కర్రకు బిగించిన పలక, ఆ పలకకు ఉప్పుకాగితం. ముక్కుకు గుడ్డ కట్టుకుని మొదలుపెట్టాను.

కాసేపటికి అక్క కూడా మెల్లగా మెట్లు దిగి వచ్చింది. తనూ మొహానికి గుడ్డ కట్టుకుని కుర్చీ వేసుకు కూర్చుంది. రుద్దుతున్నకొద్దీ సన్నటి పొడి పైకి లేచింది. వెంటిలేటర్లోంచి పడే ఎండ ఆ పొడిలో నిలబడిపోయింది. మాగాణి మీద చలికాలం పొద్దున పరుచుకునే మంచు గుర్తొచ్చింది నాకు. రుద్దిన చోట నేల నీరెండలా మసకబారుతోంది, రుద్దని చోట ఇంకా మెరుస్తోంది. బయట వీధి చప్పుళ్ళు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టున్నాయి.

షెడ్డు సగమైనా కాకముందే కర్ర ఊడి చేతిలోకొచ్చింది. మళ్ళీ బిగిస్తే నిలవలేదు. ఇక లాభం లేదని గొంతుక్కూర్చుని చేత్తో రుద్దసాగాను.

"అట్లా అయితే సాయంత్రానికి నీ నడుం ఉండదే. ఆ పలక ఇటు తోయి," అంది అక్క.

"ఏం చేస్తావు?"

"తోయి ముందు."

తోశాను. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కుర్చీ వీపు పట్టుకుని లేచి, బాగున్న కాలి మీద నిలబడి, ఆపరేషనైన కాలు పలక మీద పెట్టింది. ముందుకు తోసి వెనక్కి లాగింది. కాగితం గరగరమంది.  కాసేపు ఒకే చోట రుద్దింది. తర్వాత కుర్చీని కూడా వెంట లాక్కుంటూ పక్కకు జరిగింది. తర్వాత ఎప్పుడో కుర్చీ వెనకే ఉండిపోయింది.

పాదం అర్ధచంద్రంలా తిరుగుతోంది. మడమ ఆనించి, వేళ్ళు లేపి, మళ్ళీ చుట్టి. నడుం కొంచెం కిందికి దిగింది, మోకాళ్ళు పక్కలకు విచ్చుకున్నాయి. పెదవుల మీద గుడ్డ అదురుతోంది. లోపల ఏదో తాళం లెక్క నడుస్తోందని అర్థమైంది. ఆ పొడిలో, ఆ ఎండలో అక్క నేల మీద ఉన్నట్టు లేదు. నా చేతిలో కాగితం ముక్క అలాగే ఉండిపోయింది.

"అక్కా, నువ్వు ఆడుతున్నావు," అన్నాను.

"నేల రుద్దుతున్నాను," అంది తల తిప్పకుండా.

మరో చుట్టు తిరిగి ఆగింది. మెల్లగా కింద కూర్చుని కాలు చాపుకుంది. నేను కంగారుగా దగ్గరికి వెళ్ళాను.

"నొప్పిగా ఉందా?"

"లేదు. వస్తుందేమోనని చూస్తున్నాను. రావడం లేదు."

నేనూ తన పక్కన ఆ పొడిలోనే కూర్చున్నాను. తన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొడి పడిందంది. 

మిగతా సగం తనే పూర్తి చేసింది. తర్వాత వాక్యూమ్‌తో పొడి లాగి, తలుపులు బార్లా తెరిచి, థిన్నర్ తడిపిన గుడ్డతో ఆ మూల నుంచి ఈ మూల దాకా నేను తుడిచాను.

మర్నాడు కోటు వేసే మనిషి వచ్చి, వంగి నేల చూశాడు.

"ఎవరు రుద్దారండీ? అక్కడ తిన్నగా ఉంది, ఇక్కడేమో చుట్లు చుట్లుగా ఉంది."

"మేమేనండీ. పాడైందా?" అంది అక్క.

"అబ్బే, లేదండీ. బాగానే అరిగింది. కోటు పడితే ఆ గీతలు కనపడవు."

అతను రోలరుతో వెనక్కి వెనక్కి నడుస్తుంటే, పాలిపోయిన నేల తడి తడిగా వెలగసాగింది. మేం మెట్ల మీద కూర్చుని చూశాం. తిన్నని గీతలు పోయాయి. చుట్లు ఒక్కొక్కటే పోయాయి. చివరికి తెరిచిన తలుపూ, దానవతల ఆకాశం ముక్కా మాత్రం అందులో మిగిలాయి. ఎటునుంచో వచ్చిన తూనీగ ఒకటి ఆ ఆకాశం మీద వాలి, అక్కడే అంటుకుపోయింది. అతను గోటితో దాన్ని తీసి, ఆ చోట మళ్ళీ రోలరు తిప్పాడు.

కోటు గట్టిపడే దాకా కారు వీధిలోనే ఉంది. ఆ వారం చివర్లో అక్క పామర్రు వెళ్ళిపోయింది. బస్సెక్కేటప్పుడు నా భుజం పట్టుకుంది కానీ, బరువు వేయలేదు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. వసారాలో నలుగురు ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. అక్క వాళ్ళ ముందు నిలబడి, ఒకమ్మాయి మోచేయి కొంచెం పైకెత్తుతోంది. నన్ను చూసి, లోపల కాఫీ పెట్టుకుని తాగమని కళ్ళతోనే చెప్పి, మళ్ళీ పిల్లల వైపు తిరిగింది.