మగవాడికి చోటులేని బండి

1961 వానాకాలం మొదట్లో నన్ను జహీరాబాద్ తాలూకా ఆస్పత్రికి ఉమన్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఆ హోదాకు అర్థం ఏమిటంటే ఆడవాళ్ల వార్డు, కాన్పుల గది, చుట్టుపక్కల ఊళ్లలో గర్భిణుల పరీక్షలు అన్నీ నా బాధ్యతే. ఆస్పత్రికి పెద్ద మెడికల్ ఆఫీసరు, ఆయన మీద సంగారెడ్డిలో సివిల్ సర్జన్. నేను కృష్ణాజిల్లా దాన్ని. ఆస్పత్రిని దవాఖాన అనడం, ముసలమ్మలను ఖాలా అని పిలవడం నేర్చుకునేసరికి చలికాలం వచ్చింది. ఆ చలికాలంలోనే నేను కారు కొన్నాను.

హైదరాబాదులో ఒక నవాబుల దేవిడీ వాళ్లు పాత సామానంతా వదిలించుకుంటున్నారని తెలిసి, మంచి బీరువా దొరుకుతుందేమోనని వెళ్లాను. బీరువా నచ్చలేదు. దాని పక్క షెడ్డులో ఎర్రటి స్పోర్ట్స్ కారు కనిపించింది. పొడుగాటి ముక్కు, ఊచల చక్రాలు, మడిచేందుకు వీలైన గుడ్డ టాపు, అద్దాల బదులు సెల్యులాయిడ్ రేకులు కుట్టిన పక్కతెరలు, ఇద్దరంటే ఇద్దరికే సీట్లు. ఇంగ్లండు నుంచి ఓడలో తెప్పించిందట. కంపెనీ పేరు చెప్పను. దాని చెడ్డగుణాలు కూడా చెప్పబోతున్నాను, వాళ్లతో నాకెందుకు? ఎందుకు కొన్నావని అడిగినవాళ్లకు అప్పట్లో రకరకాల జవాబులు ఇచ్చాను. నిజం ఒక్కటే, చూడగానే మనసు పడ్డాను.

అది నామీద అంత తొందరగా మనసు పడలేదు. జహీరాబాదుకు తెస్తుంటే సదాశివపేట దాటాక ఆగిపోయింది. ఒక చెరుకు లారీ వాళ్లు తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. డాక్టరమ్మ ఎర్ర కారు కొన్నదన్న మాట ఊళ్లో నాకంటే ముందే తిరిగింది. బస్టాండు దగ్గర లారీలు బాగుచేసే సత్తార్ దాని చుట్టూ ఓసారి తిరిగి, ఇది బండి కాదు, కొత్త కోడలు, జర మెల్లగ అలవాటైతదని తీర్పు చెప్పాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున ఆయనా నేనూ బానెట్ ఎత్తుకుని దాని గుణగణాలు తెలుసుకునేవాళ్లం.

మొదట తెలిసింది పెట్రోలు పంపు సంగతి. తాళం తిప్పగానే బానెట్ కింద గోడకు బిగించిన చిన్న పంపు టిక్‌టిక్‌మంటుంది. ఇంజనుకు కావలసినంత పెట్రోలు చేరాక ఆ చప్పుడు ఆగుతుంది. అప్పుడే స్టార్టరు లాగాలి. ఆగకుండా కొట్టుకుంటూనే ఉందంటే పెట్రోలు అందడం లేదని అర్థం. గేరు తగ్గించాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో కాస్త రేజ్ ఇవ్వాలి. ఇవ్వకపోతే బజారు మొత్తం తిరిగి చూసేంత గోల చేస్తుంది. ఇక పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్లు దీనికి రెండు. రెండూ సమానంగా గాలి పీల్చాలి, లేకపోతే ఇంజను కుంటుతుంది. సత్తార్ రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని ఆ చప్పుడు వినేవాడు. నేను నా స్టెతస్కోపుకు గుండెమీద ఆనించే బిళ్ల ఊడదీసి, ఉత్త గొట్టాన్ని ఒక్కొక్క కార్బురేటరు మూతి దగ్గర పెట్టాను. రెండు ఊపిరుల తేడా చక్కగా తెలిసింది. సత్తార్ ఒకసారి వింటానని తీసుకుని, మధ్యాహ్నం దాకా తిరిగివ్వలేదు. బస్టాండులో ఉన్న లారీలన్నిటినీ పరీక్షించి, ఒకదానికి ఉబ్బసమని కూడా తేల్చాడు.

సంక్రాంతి పోయేసరికి కారుకూ నాకూ స్నేహం కుదిరింది. పొద్దున్నే కోహీర్ వైపు టాపు మడిచి వెళ్లి, జామపళ్లు కొనుక్కుని, డ్యూటీ వేళకు తిరిగొచ్చేదాన్ని. ఉద్యోగం మొత్తంలో నేనంత సంతోషంగా పనికి వెళ్లిన రోజులు మళ్లీ లేవు.

ఆ సంతోషానికి సివిల్ సర్జన్ గారు అడ్డం వచ్చారు. తనిఖీకి వచ్చినప్పుడు ఆవరణలో ఎర్ర కారు చూసి, ఎవరిదని అడిగారు. తర్వాత నన్ను పిలిచి, గ్రామాలకు వెళ్లడానికి డ్రైవరుతో సహా జీపు ఉండగా ఈ సర్కసు బండి మహిళా ఆఫీసరుకు హుందాగా ఉండదని, తొందరగా అమ్మేయడం మంచిదని సెలవిచ్చారు. మా ఉద్యోగాల్లో పైవాళ్లు నోటిమాటగా ఇచ్చే సలహాకు కాగితం మీది ఆర్డరుకన్నా బరువెక్కువ. చాలా బాధపడి, బేరం ఏదైనా చూడమని సత్తార్‌తో చెప్పాను. చూద్దాంతీ అన్నాడు.

జుబేదాను నేను పరీక్షించింది ఆ రోజుల్లోనే. మొగుడంపల్లిలో గర్భిణుల పరీక్షకు జీపులో వెళ్లినప్పుడు, డ్రైవరు జీపును ఊరి బయట ఆపి అక్కడే ఉండేవాడు. నేను నర్సుతో పర్దా ఇళ్ల లోపలికి వెళ్లేదాన్ని. జుబేదా భర్త యూసుఫ్ సంతల్లో బట్టలమ్మేవాడు. అత్త హఫీజాబీ ఇంటి పెద్ద. జుబేదాకు అది మూడో కాన్పు. మొదటి రెండుసార్లూ నొప్పుల్లో ఫిట్స్ వచ్చి, పిల్లలు దక్కలేదు. పల్లెల్లో దాన్ని గుర్రపువాతం అనేవారు. ఇప్పుడు మళ్లీ కాళ్లు, మొహం ఉబ్బాయి, బీపీ ఎక్కువగా ఉంది. మూత్రాన్ని గాజుగొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద కాచి, ఎసిటిక్ ఆసిడ్ చుక్కలు వేస్తే పాలు విరిగినట్టు విరిగింది. అంటే మూత్రంలో ఆల్బుమిన్ పోతోంది. ఆ స్థితిలో ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టి, ఉప్పులేని తిండి పెట్టి, మందులిస్తూ కనిపెట్టుకుని ఉండాలి. ఇంట్లో వదిలేస్తే ఈసారి బిడ్డతోపాటు తల్లి కూడా పోవచ్చు. ఈ మాట దాచకుండా హఫీజాబీకి చెప్పాను.

ఆమె పంపనని అనలేదు. రెండు పసికందులను కడిగి గుడ్డ చుట్టిన చేతులు ఆమెవే. ఆస్పత్రికి చేర్చడం ఎట్లా అన్నదే ఆమె బాధ. బస్సు నిండా మగవాళ్లు. పర్దా కట్టిన ఎడ్లబండి అయితే పూటంతా కుదుపులు, ఆ కుదుపులు వద్దని నేనే అన్నాను. జీపు పంపిస్తానంటే ఆమె తల అడ్డంగా ఊపింది.

"జీపుల డ్రైవర్ ఉంటడు గదమ్మ. పరాయి మగోని పక్కపొంటి నా కోడల్ని ఎట్ల కూసోబెడత?"

"డ్రైవరు లేని బండి తెస్తే పంపుతావా ఖాలా?"

"డ్రైవర్ లేకుంట బండి ఎట్ల నడుస్తది?"

నేనే నడుపుతానన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, అసలు ప్రశ్న అడిగింది.

"ఎనక సీట్ల ఎవరు కూసుంటరు?"

"ఆ బండికి వెనక సీటే లేదు. నేనూ, నీ కోడలూ. అంతే."

అట్లాంటి బండి ఎవరు చేసిన్రో గాని మంచిగ చేసిన్రు, పట్టుకరమ్మంది. అంతవరకూ నా కారును మెచ్చుకున్నవాళ్లలో ఆమె రెండో మనిషి. మొదటిది నేను.

మర్నాడు పొద్దున టాపు వేసి, పక్కతెరలు బిగించి మొగుడంపల్లి వెళ్లాను. బొంబాయి రోడ్డు మీద కొంతదూరం పోయి ఎడమకు తిరిగితే అక్కడినుంచి మట్టిరోడ్డే. కోడల్ని ఎక్కించే ముందు హఫీజాబీ తానే ఎక్కి చూస్తానంది. బుర్ఖా వేసుకుని నా పక్కన కూర్చుని, కొడుకును మసీదు మూల మీద నిలబెట్టింది. బయటినుంచి మనిషి కనబడుతున్నదీ లేనిదీ అతను చెప్పాలి. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి, పక్కతెర రేకులోంచి అమ్మీ బుర్ఖా కనిపిస్తున్నదని యూసుఫ్ చెప్పాడు. సరిగా చూసినవా లేదా అని ఆమె ఇంకో చుట్టు తిప్పించింది. ఆ రెండో చుట్టులో కొడుకు సంగతి అడగనే లేదు. మూల మలుపు దగ్గర నా మోచేయి పట్టుకుని మెల్లగా అంది:

"జర తేజ్ పోనియ్యి బిడ్డా."

పోనిచ్చాను. దిగాక మళ్లీ పెద్దరికం తెచ్చుకుని, ఎడ్లబండికి కట్టే పర్దా తెప్పించి ఎడమవైపు తెరకు లోపలినుంచి కట్టించింది. నేను ఇంట్లోకి వెళ్లి జుబేదా బీపీ చూశాను. నిన్నటికన్నా పెరిగింది. తల నొస్తున్నదని కూడా చెప్పింది. ఆ జబ్బులో తలనొప్పి మంచి సూచన కాదు. ఇక ఆలస్యం చేయకుండా ఎక్కించి బయల్దేరాను.

మార్చి ఎండ. కుదుపులు తగలకూడదని నెమ్మదిగా నడుపుతున్నాను. బొంబాయి రోడ్డు ఇంకా రాకముందే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తాళం తిప్పితే పంపు టిక్‌టిక్‌మని ఆగకుండా కొట్టుకుంటోంది. అది నాకు తెలిసిన చప్పుడే. ఇంజను వేడెక్కిపోతే పెట్రోలు గొట్టంలోనే ఆవిరవుతుంది, పంపు ఉత్త ఆవిరిని తోడుతుంది. కాని నెమ్మదిగా వస్తున్న బండి అంతగా ఎందుకు వేడెక్కిందో అంతుపట్టలేదు. పక్కన జుబేదా తల పట్టుకుని కూర్చుంది. దారిలో ఫిట్స్ వస్తే నా చేతిలో ఉన్నది ఒక్క ఇంజక్షనే.

దిగి ఎడమవైపుకు వెళ్లాను. బానెట్‌కు రెండు పక్కలా వేడిగాలి పోవడానికి సన్నటి చీలికలు ఉంటాయి. నేను కూర్చునే కుడివైపు చీలికలు బాగానే ఉన్నాయి. జుబేదా కూర్చున్న ఎడమవైపు చీలికలన్నిటిలో గుడ్డ పేలికలు దూర్చి ఉన్నాయి. ఒక్కటి కూడా వదలకుండా, కుట్టుపని అంత నీటుగా.

ఎవరు చేశారని అడిగితే జుబేదా పర్దా వెనకనుంచి నీరసంగా చెప్పింది.

"అమ్మీజాన్ చేసింది. మా ఇంట్ల జాలీ కిటికీలకెల్లి మేం బయటికి చూస్తం గద. గీ జాలీలకెల్లి ఎవలన్న లోపటికి చూస్తరని భయపడ్డది."

అంత ఆదుర్దాలోనూ నాకు నవ్వు ఆగలేదు. పేలికలన్నీ లాగేసి, ఆమె వెంట తెచ్చుకున్న సురాహీలో నీళ్లతో అవే పేలికలు తడిపి, పంపు చుట్టూ, గొట్టం చుట్టూ చుట్టాను. తాళం తిప్పి ఉంచి, టిక్‌టిక్ ఆగగానే చెప్పమని జుబేదాతో అన్నాను. ఆ చప్పుడు నాకూ వినిపిస్తుంది. కాని ఆ స్థితిలో రోగి మాట తడబడుతున్నదా, మత్తు కమ్ముతున్నదా అన్నది కనిపెట్టుకోవాలి. అందుకు ఊరికే మాట్లాడించడం కన్నా ఏదైనా పని అప్పగించడం మేలు. ఇంక కొట్టుకుంటున్నది, ఇంక కొట్టుకుంటున్నది అని ఆమె స్పష్టంగా చెబుతూనే ఉంది. నేను నీళ్లు చిలకరిస్తూనే ఉన్నాను. సురాహీ అడుగంటింది.

"ఆగింది డాక్టరమ్మా."

ఒక్క లాగుడుకే ఇంజను అందుకుంది. బొంబాయి రోడ్డెక్కాక జుబేదా పర్దా అంచు తానే నాలుగు వేళ్లంత ఎత్తి, జహీరాబాద్ వచ్చేదాకా బయటికి చూస్తూ కూర్చుంది. నేను రోడ్డు మీదే చూపు పెట్టి నడిపాను.

వార్డు చివర వెలుతురు తగలని మంచం మీద పడుకోబెట్టాము. మందులకు బీపీ లొంగింది. ఫిట్స్ రాలేదు. నెల నిండకముందే నొప్పులు వచ్చి ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువే గాని, గొంతు మాత్రం నిండుగా ఉంది. ఆ ఏడుపు వినగానే కాన్పుల గదిలో నేను గట్టిగా నవ్వాను, నర్సు కళ్లు తుడుచుకుంది. హఫీజాబీ ఎడ్లబండిలో వచ్చి, మనవరాలి చెవిలో అజాన్ చెప్పించి, తర్వాత నన్ను పక్కకు పిలిచి జాలీల సంగతి అడిగింది. అవి కిటికీలు కావనీ, ఇంజనుకు గాలి ఆడటానికనీ చెప్పాను.

"గట్లనా? దానికి గూడ ఊపిరాడాలె గద. నాకేం ఎరుక," అంది. ఇంటికి కూడా తల్లీబిడ్డలను ఆ బండిలోనే దించాలని అడిగి, ఈసారి జాలీల జోలికి పోనని మాటిచ్చింది.

ఆ తర్వాత న్యాల్‌కల్ నుంచీ, కోహీర్ నుంచీ కబుర్లు మొదలయ్యాయి. కొందరు నా పేరు కూడా అడగలేదు, మగవాడికి జాగలేని బండి పంపమన్నారు. సివిల్ సర్జన్ గారు మళ్లీ తనిఖీకి వచ్చిన రోజు ఆడవాళ్ల వార్డు వరండాలో బుర్ఖాలు బారుగా కూర్చుని ఉన్నాయి. వీళ్లంతా ఎట్లా వచ్చారని అడిగారు. ఎర్ర కారు చూపించి, జీపులో రానివాళ్లు ఇందులో ఎందుకు వస్తున్నారో వివరించాను. ఆయన కారు దగ్గరికి వెళ్లి చూసి, టాపు కారుతున్నట్టుంది, వానలలోపు బాగుచేయించుకోమన్నారు. అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. సాయంత్రం సత్తార్‌తో బేరం వద్దని చెబితే, తాను అసలు చూడనే లేదన్నాడు.

జుబేదాకు ముందు, పల్లెలో ఎవరైనా ఆస్పత్రికి రాకపోతే రోగి నిరాకరించింది అని రాసి ఊరుకోవడం మా పద్ధతి. తర్వాత నా సర్వీసు చివరిదాకా గర్భిణిని వస్తావా అని అడగలేదు. ఎట్లా వస్తావు, బండి ఎవరు నడుపుతారు, నీ పక్కన ఎవరు కూర్చుంటారు అని అడిగాను. ఈ మూడింటికీ జవాబు కుదిరితే, రాననే మనిషి నాకు పెద్దగా తగల్లేదు. బయల్దేరే ముందు బండికి ఎడమవైపు కూడా ఒకసారి వెళ్లి చూడటం అప్పుడే అలవాటైంది.