పాడుపెట్టిన ఇంట్లో హనుక్కా దీపం

తమ్ముడి పెద్దకర్మ నిన్ననే అయింది. మా మేనల్లుడు ఫోనులో ఏదో నొక్కి, వాళ్ల నాన్న పోయింది ధనిష్ఠలోనని తేల్చి, ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టక తప్పదని, సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో గది చూశానని, ఈ సాయంత్రమే బండి వస్తుందని చెప్పాడు. మరదలు తన బట్టలతోపాటు నావీ సర్దుతోంది. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఇంటికి తాళం వేసి వెళ్లిపోయే ఈ పద్ధతి నా ఈడువాళ్లకు కొత్త కాదు. నా ఏడుపు వేరు. ఇదే ఇంటికి ఇదే కారణాన తాళం పడగా చిన్నప్పుడొకసారి చూశాను. అప్పటికి ఈ తమ్ముడు రెండేళ్లవాడు.

నాన్న పోర్టులో క్రేను నడిపేవారు. ఏదో జ్వరం పట్టి వారం తిరక్కుండా పోయారు. బంధువులందరూ వచ్చి ఏడ్చి, అమ్మ చేతనే తాళం వేయించి, మా ఇంటికి రమ్మని ఒక్కరూ అనకుండా బస్సెక్కేశారు. ఎదురింటి కొచ్చిన్ మామ్మ తనకున్నది ఒక్క గదే అయినా వరండా ఖాళీ చేసి, గోనెపట్టాలు కట్టి మమ్మల్ని ఉంచుకుంది. మామ్మ వాళ్లు కొచ్చిన్ నుంచి వచ్చిన యూదులు. ఆ మాటకు అర్థం మా వీధిలో ఎవరికీ తెలియదు గాని, శనివారం పొయ్యి వెలిగించని మామ్మ అంటే అందరికీ తెలుసు.

చలికాలం ముదిరింది. హార్బరు గాలి ఇనుప ఖనిజం ఎర్ర దుమ్మును మోసుకొచ్చి గోనెల సందుల్లోంచి మా మీద పోసేది. తమ్ముడికి దగ్గు పట్టి, జ్వరం వచ్చి, డొక్కలు ఎగరడం మొదలైంది. గాలి తగలనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. గాలి తగలని మా ఇల్లు ఎదురుగానే ఉంది, తాళంచెవి అమ్మ కొంగుముడిలోనే ఉంది. తెరిస్తే ఇంకొకరు పోతారని పెద్దలు చెప్పి వెళ్లారు. ఆ ఇంకొకరు వీడేనేమోనని అమ్మ వాణ్ణి గుండెకు హత్తుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. అంత దిక్కుతోచని ముఖాన్ని నేను మళ్లీ చూడలేదు.

ఆ రోజుల్లోనే మామ్మ గుమ్మం పక్కన కొబ్బరినూనె దీపాలు పెట్టడం మొదలుపెట్టింది, రోజుకొకటి పెంచుకుంటూ. ఇదేం పండగని నేనడిగితే హనుక్కా అంది. పాడైన గుడిని శుద్ధిచేసి మళ్లీ ప్రతిష్ఠించడమని ఆ మాటకు అర్థమట. వాళ్ల భాషలో గృహప్రవేశాన్నీ ఆ మాటతోనే చెబుతారట, పిల్లలకు చదువు నేర్పడమన్న మాటా దాని తోబుట్టువేనట. పోర్టు మనుషుల మధ్య నేర్చుకున్న తెలుగులో ఆవిడ ఇదంతా నాకు చెబుతూనే అమ్మ వైపు చూసింది.

"శత్రువులొచ్చి మా గుడి పాడుసేసినారమ్మీ. మావోళ్లు తాళమేసీసి పోనేదు. కడుక్కున్నారు. ఒక్కరోజుకి సరిపడా నూనే ఉంది, అదే ఎలిగించినారు. ఎనిమిది రోజులు ఎలిగింది. ఎలిగించినప్పుడు ఆలకేటి తెలుసు?"

"నాను తలుపు తీసినాక ఆడికేటైనా అయితే?" అంది అమ్మ.

"నానూ నీతోపాటే లోపలికొత్తాను. ఏటైనా అయితే నాకూ అవుద్ది."

సందె చీకట్లోనే ఇద్దరూ ఇల్లు కడిగారు. ప్రమిదలో నూనె మామ్మ తన సీసాలోంచే పోసింది. తమ్ముడి జ్వరం దిగడానికి చాలా రోజులు పట్టింది. అది దీపం మహిమో, గాలి తగలకపోవడమో నాకు తెలియదు. కానీ అన్ని రోజులూ మామ్మ మా గడప లోపలే పడుకుంది. తరవాత కొన్నేళ్లకు మామ్మ వాళ్లు యూదులకంటూ ఒక దేశముందని చెప్పి ఓడెక్కి వెళ్లిపోయారు.

మామ్మ ఇల్లున్న చోట ఇప్పుడు లారీలు ఆగుతున్నాయి. ఈ వీధిలో చావు నక్షత్రం ఎవరి ఫోనులోనైనా నిమిషంలో తెలుస్తుంది, నీతోపాటే లోపలికొస్తానని చెప్పడానికి మాత్రం ఎదురుగా ఏ మనిషీ లేదు. ఈ సాయంత్రం నేను బండి ఎక్కబోవడం లేదు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు అంత జ్వరంలోంచి బతికి లేచిన ఇంటికి తాళం వేసి పోవడం నా వల్ల కాదు. భయం లేదంటే అబద్ధం. అయినా ప్రమిద కడిగి పెట్టుకున్నాను. వంటింట్లో నూనె సీసా కోసం వెతుకుతున్నాను.